సినిమా చూసి మీ సాక్ష్యాన్ని మళ్లీ రాసుకోవడం ఎలా

ముందు ఒక కాగితం తీసుకోండి. సినిమా సంగతి తర్వాత చూద్దాం. సంఘంలో లేచి నిలబడి మీరు చెప్పే సాక్ష్యం ఉంటుంది కదా, "ఫలానా సంవత్సరంలో ప్రభువును అంగీకరించాను" అని మొదలయ్యేది, దాన్ని ఎప్పుడూ చెప్పే మాటల్లోనే ఐదారు వాక్యాలుగా రాయండి. కొత్తగా మెరుగులు దిద్దొద్దు. కింద తేదీ వేసి, మడిచి, బైబిల్లో పెట్టుకోండి. ఈ పని సినిమా చూశాక చేస్తానంటే కుదరదు. చూశాక మన జ్ఞాపకానికి తెర రంగు అంటుకుంటుంది. ఏది మనదో, ఏది సినిమాదో విడదీయడం చాలా కష్టం. నాకైతే ముప్పై ఏళ్లు పట్టింది.

నేను దేవరకొండలో బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాను. ఆదివారం సాయంత్రాలు మా సంఘంలో యవ్వనస్థుల కూటం చూసుకుంటాను. కాలిపోయిందని మోటారు తెచ్చిస్తే పైనుంచి చూసి ఏమీ చెప్పలేం, వార్నిష్ మెరుస్తూనే ఉంటుంది. విప్పి, కాయిల్ బయటికి తీస్తే గానీ ఎక్కడ నల్లబడిందో కనబడదు. సాక్ష్యం కూడా అంతే. ఇరవై ఏళ్లు చెప్పగా చెప్పగా దాని మీద వార్నిష్ పడుతుంది. మంచి క్రైస్తవ సినిమాను దాన్ని విప్పడానికి వాడుకోవచ్చు. ఎలా వాడుకోవాలో నాకు తెలిసినంత చెబుతాను. ప్రభువును ఎరగని వాళ్లకు సినిమా వేసి చూపించడం వేరే పని, దాని జోలికి నేను పోవడం లేదు. బాప్తిస్మం తీసుకుని, ఏళ్ల తరబడి చర్చికి వెళ్తున్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ఏ సినిమా పెట్టుకోవాలి

మన తెలుగువాళ్లకు మొదట గుర్తొచ్చేది 1978లో వచ్చిన కరుణామయుడు. యేసుగా విజయచందర్ గారి ముఖం మన ఇళ్లలో క్యాలెండర్ బొమ్మంత పరిచయం. ప్రేమగా చూసుకోవాల్సిన సినిమా అది. అయినా ఈ పనికి మాత్రం నేను దాన్ని రెండోసారికి ఉంచుతాను. దాని పాటలు మన చిన్నప్పటి క్రిస్మస్‌లతో అల్లుకుపోయాయి. పాట మొదలవగానే మనసు పాటలోకి వెళ్లిపోతుంది, మనలోకి మనం వెళ్లలేం. 2004లో వచ్చిన మెల్ గిబ్సన్ సినిమా ఉంది, ప్రభువు చివరి గంటల మీద తీసింది. అందులో కొరడా దెబ్బలు చూస్తే శరీరం వణికిపోతుంది. వణుకు తగ్గాక గానీ ఆలోచన రాదు. గుడ్ ఫ్రైడేకి చూసుకోండి, ఈ పనికి వద్దు.

నేను వాడేది 1979లో లూకా సువార్త ఆధారంగా తీసిన జీసస్ సినిమా. దాదాపు రెండు గంటలు. తెలుగు డబ్బింగ్ సులువుగా దొరుకుతుంది. నటనలో గొప్ప హంగులేమీ లేవు. అదే మనకు మేలు. లూకా చెప్పిన వరుసలోనే చాలావరకు నడుస్తుంది కాబట్టి తర్వాత బైబిల్ తెరిచి పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

చూసేటప్పుడు

ఒక్కరే చూడండి, లేదా ఇంట్లోవాళ్లతో చూడండి. చర్చిలో ప్రొజెక్టర్ పెట్టి వంద మంది మధ్య చూస్తే పక్కవాళ్ల ఏడుపు మన ఏడుపయిపోతుంది. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి టీవీలో పెట్టుకుంటే మంచిది. ఫోన్ తప్ప గతి లేకపోతే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. పక్కన చిన్న నోట్‌బుక్, పెన్ను ఉండాలి. రాసేది కూడా ఎక్కువ ఉండొద్దు: నిమిషం, ఒక్క మాట. "ఫలానా నిమిషం, జక్కయ్య." అంతే చాలు.

ఎక్కడ ఏడ్చారో రాసుకోండి. దానికంటే ముఖ్యంగా ఎక్కడ తల తిప్పుకున్నారో రాసుకోండి. సిలువ దగ్గర కన్నీళ్లు వస్తాయి, రావాలి కూడా. కానీ మేకులు కొడుతుంటే చూసే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. అది జాలి. మారుమనస్సు చాలామందిలో ఇంకెక్కడో, అంత వెలుతురు లేని చోట మొదలై ఉంటుంది. ఆ చోటు రాగానే మనిషి నీళ్లు తాగాలనుకుంటాడు, ఫోన్ వెతుకుతాడు, పొయ్యి మీద పాలు గుర్తొస్తాయి.

ఇది నేను కనిపెట్టింది కాదు, మా చిన్నమ్మాయి కనిపెట్టింది. 2022లో లెంట్ రోజుల్లో, అంటే ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాల్లో, ఇంట్లో ఆ సినిమా పెట్టుకున్నాం. యేసు ఎవరో తెలియదని ఆయన శిష్యుడు పేతురు బొంకే చోటు, మంట దగ్గర కూర్చునే చోటికి వచ్చింది. నేను లేచి ఫిల్టర్ దగ్గరికి పోయాను. "డాడీ, పోయినేడు కూడా నువ్వు ఇక్కడే లేచినవ్" అంది. అంతకుముందు ఏడు కూడా లేచానట. గ్లాసు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

మాది మర్రిగూడ వైపు పల్లె. నీళ్లలో ఫ్లోరైడ్ అంటే ఏమిటో మా వైపు వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు, ఇంటికొక మనిషిని చూపిస్తే చాలు. మా నాయనమ్మకు నడుము ముందుకు వంగిపోయింది. మోకాళ్లు బయటికి తిరిగిపోయి, కట్టె పట్టుకుని ఊగుతూ నడిచేది. 1991లో నేను దేవరకొండ హాస్టల్‌లో తొమ్మిదో తరగతి. దసరా సెలవులు అయిపోయి వచ్చిన కొద్దిరోజులకు ఆమె రెండు బస్సులు మారి నా కోసం సద్ది తెచ్చింది. పాత చీర ముక్కలో జొన్నరొట్టెలు, చింతకాయ తొక్కు. గేటు దగ్గర నిలబడి నన్ను పిలిచింది. నా పక్కన ఇద్దరు దోస్తులున్నారు. "ఎవర్రా ఆ ముసలామె?" అన్నారు. "మా ఊరామె. మా నాయన ఏదో పంపిండు" అన్నాను. ఆమెకు వినబడేంత దగ్గరలోనే అన్నాను. ఆమె మూటను గేటు పక్క దిమ్మె మీద పెట్టి, కట్టె తిప్పుకుని వెళ్లిపోయింది.

అదే సంవత్సరం క్రిస్మస్ సెలవుల్లో మా ఊళ్లో సినిమా వేశారు. బడి ముందు వేపచెట్టుకూ వెదురు బొంగుకూ మధ్య తెల్లగుడ్డ కట్టారు. దూరంగా జనరేటర్. ముందు జాగా దొరకనివాళ్లు గుడ్డకు అటువైపు కూర్చుని కుడిఎడమలు తారుమారైన బొమ్మను చూశారు. నాయనమ్మ మైసమ్మకు మొక్కే మనిషి, చర్చికి వచ్చేది కాదు. కానీ సినిమా అంటే వచ్చి గోనెసంచి పరుచుకుని నా పక్కనే కూర్చుంది. పేతురు "ఆయనెవరో నాకు తెలియదు" అన్నప్పుడు ఆమె తెర వైపే చూస్తూ, "పాపం పిలగాడు. భయపడ్డడు, గంతే" అంది. కాసేపటికి రీలు అయిపోయింది. ఇంకో రీలు ఎక్కించేదాకా చీకటి, జనరేటర్ చప్పుడు. ఆ చీకట్లో నా ముఖం కాలిపోయింది.

తర్వాత సిలువ వచ్చింది. ఊరంతా ఏడ్చింది, నేనూ ఏడ్చాను. పాస్టరు గారు అడిగితే చెయ్యెత్తాను. 1993లో చెరువులో బాప్తిస్మం. అప్పటినుంచి నా సాక్ష్యం: "1991 డిసెంబరులో మా ఊళ్లో సినిమా చూశాను. సిలువను చూసి ఏడ్చాను. నా పాపాలు ఒప్పుకున్నాను." అబద్ధం ఒక్క ముక్క లేదు. కానీ "పాపాలు" అని చెప్పినంత కాలం ఏ ఒక్కదాని పేరూ చెప్పాల్సిన పని పడలేదు. హాస్టల్ గేటు అందులో ఎక్కడా లేదు.

అందుకే మీ నోట్‌బుక్‌లో తల తిప్పుకున్న చోటు ఒక్కటి దొరికినా దాన్ని వదలొద్దు. మళ్లీ అక్కడికి వెనక్కి జరిపి ఇంకోసారి చూడండి. ఈసారి లేవకుండా.

అయిపోగానే

పాట పెట్టొద్దు. ప్రార్థన కూడా పది నిమిషాలు ఆగి చేసుకోండి. ఈ మాట కొందరికి నచ్చదని తెలుసు. గట్టిగా ప్రార్థన మొదలుపెట్టగానే మనకు అలవాటైన మాటలు వచ్చి, ఇప్పుడే తెరుచుకున్న చోటును మూసేస్తాయి. కూటంలో చేస్తుంటే పాస్టరు గారికి ముందే చెప్పి ఒప్పించుకోండి. ఆ పది నిమిషాల్లో ఒకే ఒక ప్రశ్న: ఈ కథలో నేనెక్కడున్నాను? పేతురులా మంట దగ్గరా, గుంపులోనా, జక్కయ్యలా చెట్టు మీదా, దూరంగా నిలబడి చూసిన స్త్రీలలోనా?

తర్వాత బైబిల్ తీయండి. ఏ సన్నివేశం మిమ్మల్ని పట్టుకుందో ఆ భాగం నెమ్మదిగా చదవండి. తెర మీద చూసిందంతా వాక్యంలో ఉండదు. సౌలు (తర్వాత పౌలు అయినవాడు) దమస్కు దారిలో గుర్రం మీద నుంచి పడ్డట్టు మన కళ్లలో ఉండిపోయింది. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో గుర్రం మాటే లేదు. జ్ఞానులు ముగ్గురని మత్తయి చెప్పలేదు. మగ్దలేనే మరియను వేశ్యగా చూపిస్తారు, ఆమెను బైబిల్ ఎక్కడా అలా అనలేదు. సినిమా తప్పులు పట్టుకోవడానికి చెప్పడం లేదు. తెరది తెరకు, వాక్యానిది వాక్యానికి ఇచ్చేస్తే మిగిలేది మనది, దాని కోసం.

నేను లూకా 22 తెరిచాను. పేతురు బొంకిన సంగతి నాలుగు సువార్తల్లోనూ ఉంది. కానీ ప్రభువు తిరిగి పేతురు వైపు చూశాడని రాసింది లూకా ఒక్కడే, 61వ వచనంలో. ఆ చూపు తర్వాతే పేతురు బయటికి వెళ్లి ఏడ్చాడు. ప్రభువు ఏమీ అనలేదు. యోహాను ఇంకో చిన్న సంగతి దాచిపెట్టాడు: పేతురు బొంకింది బొగ్గుల మంట దగ్గర, 18వ అధ్యాయంలో. ప్రభువు లేచాక అతనికి రొట్టె, చేపలు పెట్టిందీ బొగ్గుల మంట దగ్గరే, 21వ అధ్యాయంలో. పాతికేళ్లుగా ఈ రెండూ చదువుతూనే ఉన్నాను. ఆ రోజు మొదటిసారి రెండు మంటలూ పక్కపక్కన కనబడ్డాయి.

అప్పటి మనిషిని అడగండి

దీన్ని చాలామంది వదిలేస్తారు. నా లెక్కలో మొత్తం పనిలో సగం ఇదే. మీరు మారిన రోజుల్లో మిమ్మల్ని దగ్గరగా చూసినవాళ్లు ఎవరో ఒకరు ఇంకా ఉంటారు. అమ్మ, అన్న, పాత టీచరు, ఇంటి పక్కామె. వాళ్లు క్రైస్తవులు కాకపోతే ఇంకా మంచిది, మనకు నచ్చే మాటలు వాళ్లకు తెలియవు. "నేను రక్షణ ఎలా పొందాను" అని అడగొద్దు. "ఆ రోజుల్లో నేనెట్లుంటుంటి? ఏమన్నా మారిందా? ఎప్పుడు చూసినవ్?" అని అడగండి. అడిగి ఊరుకోండి. వాళ్లు చెప్పేదాన్ని మధ్యలో సరిచేయొద్దు.

నేను చండూరులో ఉన్న మా మేనత్త దగ్గరికి పోయాను. గేటు సంగతి మొదటిసారి ఒక మనిషికి చెప్పాను. ఆమె బియ్యం చెరుగుతూ విన్నది. "దసరా తర్వాత నీ హాస్టల్‌కు సద్ది పట్టుకుని నేనెందుకు రావట్టిననుకున్నవ్?" అంది. నాయనమ్మకు కాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయనుకున్నాను అన్నాను. "కాళ్లు గట్లనే ఉండె. ఆమెనే నన్ను తోలింది. పిలగాడు దోస్తుల ముందట నన్ను చూసి భయపడ్డడే, ఇగ నువ్వు పో అన్నది."

భయపడ్డడు. అదే మాట. వేపచెట్టు కింద తెర వైపు చూస్తూ ఆమె అన్న మాట పేతురు గురించేనని ముప్పై ఏళ్లు అనుకున్నాను.

ఇంకొకటి కూడా చెప్పింది మేనత్త. ఆ సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు నేను బిందె తీసుకుని బోరింగ్ దగ్గరికి పోయానట. మగపిల్లగాడు బిందె ఎత్తుకొస్తుంటే వాడకట్టంతా నవ్విందట. నాకు అది గుర్తే లేదు. నాలో ఏం మారిందని ఎవరైనా అడిగితే ఎన్నో చెప్పాను ఇన్నేళ్లూ, బిందె మాత్రం చెప్పలేదు.

నాయనమ్మ 1998లో పోయింది.

తేదీ లేనివాళ్లు

మా దేవరకొండ నుంచి పాలమూరు దాకా మెన్నోనైట్ బ్రదరన్ సంఘాల్లో నాలుగు తరాల క్రైస్తవులున్నారు. వాళ్ల పిల్లలు ఈ పనిలో కూర్చున్నప్పుడు టెన్షన్ పడతారు. "మాకు అట్లాంటి రోజు ఏదీ లేదన్నా" అంటారు. దమస్కు వెలుగు చూపించే సినిమాలు ఆ టెన్షన్ పెంచుతాయి. అలాంటివాళ్లకు నేను లూదియను చూపిస్తాను, కార్యములు 16. నది ఒడ్డున కూర్చుని వింటుంటే ప్రభువు ఆమె హృదయం తెరిచాడు. వెలుగు లేదు, పడిపోవడం లేదు. తిమోతికైతే విశ్వాసం అవ్వ లోయి, తల్లి యునీకేల నుంచి వచ్చింది. పౌలు ఆ ఇద్దరి పేర్లూ తిమోతికి పంపిన పత్రికలో, అంటే ఉత్తరంలో, రాశాడు. మీ నోట్‌బుక్‌లో తేదీ కోసం వెతకొద్దు. ఎప్పటినుంచి ఈ మాటలు అమ్మవి కాకుండా నావి అయ్యాయి అని వెతకండి. రోజు దొరకదు, చోటు దొరుకుతుంది.

పౌలు కూడా తన మార్పు కథను ఒక్కలాగే చెప్పలేదు. కార్యములు 9లో లూకా చెప్పాడు, 22లో యెరూషలేము గుంపు ముందు పౌలే చెప్పాడు, 26లో అగ్రిప్ప రాజు ముందు మళ్లీ చెప్పాడు. వివరాలు మారాయి. సాక్ష్యం మళ్లీ రాసుకోవడం పాతదాన్ని కాదనడమేమో అని భయపడేవాళ్లు ఈ మూడూ వరసగా చదువుకోండి.

కూటంలో చేసేటప్పుడు ఒక జాగ్రత్త. రాసిన కాగితాలు ఎవరివి వాళ్ల దగ్గరే ఉండాలి. నలుగురిలో చదివించొద్దు. మన దగ్గర మారడం అనేది ప్రార్థనతో ఆగదు, సర్టిఫికెట్ దాకా పోతుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు, దాని తర్వాతి సవరణల ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వాళ్లకే. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లు మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు. పేరొకటి, కాగితం ఇంకొకటిగా బతుకుతున్న కుటుంబాలు ఉన్నాయి. సినిమా ఆ నొప్పిని కదిలిస్తే ఆ మనిషి పక్కన కూర్చోండి, అంతే. సలహా అడిగితే తప్ప ఇవ్వొద్దు.

కల్వకుర్తి వైపు నుంచి వచ్చి మా ఊళ్లో కాపురం ఉంటున్న ఒక అక్క ఈ పని చేసింది. పాలమూరు లేబర్‌గా ముంబైలో కట్టడాల దగ్గర పనిచేసి వచ్చిన మనిషి. ఆమె సాక్ష్యం ఎప్పుడూ ఒకటే: జబ్బు చేసింది, ప్రార్థన చేశారు, నయమైంది. సినిమాలో స్వస్థతలన్నీ వచ్చి వెళ్లాయి, ఆమె పెన్ను కదల్లేదు. ఐదు రొట్టెలు పంచే చోట మాత్రం రాసుకుంది: "చేతులు." తర్వాత చెప్పింది, జ్వరంతో రేకుల షెడ్డులో పడి ఉంటే పక్క షెడ్డు ఆమె పదకొండు రోజులు అన్నం వండి పెట్టిందని. భాష రాదు, పేరు కూడా సరిగ్గా తెలియదు. ప్రార్థన చేసింది ఆమెనే. నయం కావడం కంటే ముందు ఆ అన్నం ఉంది. తన సాక్ష్యంలోకి ఆ మనిషి రావడానికి పద్నాలుగేళ్లు పట్టింది.

రెండో కాగితం

వారం ఆగి రాయండి. మొదటిదాన్ని అప్పటిదాకా తీయొద్దు. చోటుతో మొదలుపెట్టండి: గేటు, బావి, ఆసుపత్రి వరండా, ఏదైనా. "పాపాలు" అని రాయకుండా ఒక్క పని పేరు రాయండి. దానిలో ఇంకో మనిషి ఉంటే ఆ మనిషి ఏం చేశారో కూడా రాయండి. ప్రభువు ఎక్కడున్నాడో తెలియకపోతే అక్కడ ఖాళీ వదిలేయండి, కావాలని నింపొద్దు. సినిమా మాట ఒక్క వాక్యం మించకుండా చూసుకోండి. అయ్యాక రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదవండి. మొదటిదాన్ని చించొద్దు, అదీ మీదే.

నా రెండో కాగితం ఇలా మొదలవుతుంది: "దేవరకొండ హాస్టల్ గేటు దగ్గర మా నాయనమ్మను తెలియదన్నాను." దాన్ని మొదట చదివింది చర్చిలో కాదు, చండూరులో మా మేనత్త ముందు. అంతా విని ఆమె, "మరి సద్ది తిన్నవా?" అని అడిగింది.

తిన్నాను. చీకటి పడ్డాక, హాస్టల్ వెనక గోడ దగ్గర, ఒక్కడినే. ఆ వాక్యం కాగితంలో లేదు. అక్కడే కూర్చుని రాశాను.